కోజుమెల్‌లో ఒక్కరోజు: బగ్గీ, బీచ్ రెండూ కుదురుతాయా?

ప్రశ్న: డిసెంబరులో టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి క్రూజ్‌లో మెక్సికో వెళ్తున్నాం. అక్కడి కోజుమెల్ దీవిలో ఓడ ఒక్క పగలే ఆగుతుంది. బగ్గీ (అడవి దారుల్లో మనమే నడుపుకునే చిన్న బండి) టూర్, తిండీ తాగుడూ అన్నీ కలిసిన బీచ్ క్లబ్, రెండూ పెట్టుకోవచ్చా? మాతో శాకాహారి అయిన అత్తయ్య కూడా వస్తున్నారు.
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: పెట్టుకోవచ్చమ్మా, కానీ బగ్గీ ముందు, బీచ్ తర్వాత. బీచ్ క్లబ్‌లో మందు కూడా టికెట్‌లోనే ఉంటుంది. తాగి స్టీరింగ్ పట్టుకోవద్దు. పైగా అడవి దారిలో దుమ్ము కనురెప్పల మీద కూడా పేరుకుంటుంది. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకోండి, ముక్కుకు రుమాలు కట్టుకోండి. ఆ తర్వాత సముద్రస్నానం ఎంత హాయో!

అత్తయ్యగారిని మాత్రం బగ్గీ ఎక్కించకండి. ఆ కుదుపులకు నడుము పట్టేస్తుంది. ఎవరో ఒకరు తోడుగా టాక్సీలో నేరుగా బీచ్‌కి తీసుకెళ్లండి. అక్కడ బీన్స్ కూరను పంది కొవ్వుతో వండడం మామూలే, 'మాంతెకా' (ఆ కొవ్వే) వేశారా అని అడిగాకే వడ్డించండి. గ్వాకమోలే (అవకాడో పచ్చడి), చీజ్ కేసడియా (చీజ్ పెట్టి కాల్చిన రొట్టె) దొరుకుతాయి.

ఈతకు పడమటి ఒడ్డే మంచిది. తూర్పు వైపు అలల లాగుడు ప్రమాదం.

అన్నిటికన్నా టైమ్ జాగ్రత్త. చలికాలంలో కోజుమెల్ గడియారం టెక్సస్ కంటే గంట ముందుంటుంది. ఓడలో ఏ టైమ్ పాటిస్తున్నారో దిగేముందే కనుక్కుని, చేతి వాచీలో అదే పెట్టుకోండి.