పెనం మీద చేపను కదిలించకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆదివారం నీ అత్తమామలు మొదటిసారి మీ ఇంటికి వస్తున్నారట, వంట నువ్వే చేస్తానన్నావట. అదీ పులుసు కాదు, మసాలా పట్టించి పెనం మీద కాల్చిన చేప, పక్కన మెక్సికో వాళ్ల పచ్చి టమాటా పచ్చడి, అదే సాల్సా. వింటుంటే కడుపు నిండింది. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. చేప అనగానే నాకు ముల్లే గుర్తొస్తుంది.

కొర్రమీనే తీసుకో. మన తెలంగాణ రాష్ట్ర చేప అని కాదు, కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, ముళ్లు తక్కువ. తొట్టిలో బతికున్నదాన్ని చూసి నీ ముందే కోయించు. తోలు తీసి, నడిమి ముల్లు వదిలేసి, రెండు పక్కల కండ మాత్రమే ఇమ్మను. ఉప్పు, పసుపు, జీలకర్ర, ధనియాలు, మిరియాలు నీకు తెలిసినవే. కారం మాత్రం నేను పంపే చపాటా మిర్చిదే వాడు. రంగు ఎర్రగా వస్తుంది, మంట తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది మన వరంగల్ పంటే అనే ముద్ర, వచ్చినప్పుడు మీ పెద్దబాపు వాడంతా చెప్పి వచ్చాడు. అల్లం ఎల్లిగడ్డ ముద్ద వద్దు, చేప కాలేలోపే మాడి చేదెక్కుతుంది.

మీ అమ్మ నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు. పెళ్లయిన కొత్తలో మేం నర్సంపేటలో ఉండేవాళ్లం. మృగశిర కార్తె నాడు పాకాల చెరువు నుంచి రవ్వ చేప తెచ్చారు. మా ఆడబిడ్డ వాళ్లు భోజనానికి వచ్చారు. మీ అమ్మకు అప్పుడు ఆరేళ్లు, ఎండాకాలం సెలవులకు నా దగ్గరే ఉంది. అందరూ ఆకలితో కూర్చున్నారని నాకు ఒకటే టెన్షన్. కడిగిన ముక్కలు తుడవలేదు. నీళ్లు కారుతుండగానే కారం పూసి, సరిగ్గా కాగని పెనం మీద వేశాను. అంటుకున్నాయి. భయపడి అట్లకాడతో గీకాను, ఇటు తిప్పాను, అటు తిప్పాను. ముక్కలన్నీ చితికి పొరటులా అయ్యాయి. పారేయడానికి మనసొప్పక అలాగే వడ్డించాను. ముక్క ముక్కలా ఉంటే ముల్లు వేలికి తగులుతుంది. చితికితే అన్నంలో కలిసిపోతుంది. మూడో ముద్దకే మీ అమ్మ గొంతు పట్టుకుంది. ఏడవలేదు, నా వైపే చూసింది. ఎవరో ఒట్టి అన్నం ముద్ద మింగించమంటే మింగించాను, ముల్లు ఇంకా లోపలికి దిగింది. బస్సెక్కి వరంగల్ చేరేదాకా పిల్ల ఉమ్మి మింగలేక నా కొంగంతా తడిసింది. డాక్టర్ పట్టకారుతో తీసి నా అరచేతిలో పెట్టాడు. గోరంత పొడవు, వెంట్రుకంత సన్నం. మీ అమ్మ ఇప్పటికీ చేప ముక్కను వెలుతురుకు పట్టి చూశాకే నోట్లో పెట్టుకుంటుంది. అది నా తొందర వల్లే.

అందుకే చెప్పేది విను. ముక్కలను పొడి బట్టతో అద్దు, బట్టకు తడి అంటకుండా అయ్యేదాకా అద్దు. ఇనుప పెనం బాగా కాగాలి. నీళ్ల చుక్క వేస్తే గోలీలా ఉరకాలి. అప్పుడు పల్లినూనె, ఆ తర్వాత చేప. ఇక చెయ్యి పెట్టకు. వేలు మందం ముక్కకు మూడు నిమిషాలు. మొదట పట్టుకుంటుంది, అడుగు ఎర్రగా గట్టిపడ్డాక దానంతట అదే వదులుతుంది. ఒక్కసారే తిప్పు. చిన్నప్పుడు నా పొయ్యి దగ్గర పీట వేసుకుని అప్పడం నేనే కాలుస్తానని పేచీ పెట్టేవాడివి, ఓపిక లేక రోజుకొకటి మాడ్చేవాడివి. మాడినవన్నీ నేనే తినేదాన్ని. నీ చేతివని ఇష్టంగా తినేదాన్ని బిడ్డా. ఆదివారం మాత్రం ఫోన్ పక్క గదిలో పెట్టి పొయ్యి దగ్గర నిలబడు.

సాల్సాకు టమాటా గింజలు తీసెయ్. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరుగు. పచ్చిపులుసుకు పిసికినట్టు పిసకకు. ఉప్పు, నిమ్మరసం వాళ్లు కూర్చున్నాకే కలుపు, ముందే కలిపితే నీళ్లు ఊరతాయి. చేప మీద పోయకు, పక్కన పెట్టు. లేకపోతే అంత కష్టపడి తెచ్చిన కరకర మెత్తబడుతుంది.

కారం పూసే ముందే ప్రతి ముక్క మీద తల నుంచి తోక వైపు ఒకసారి, తోక నుంచి తల వైపు ఒకసారి వేలు పోనివ్వు. ముల్లు గుచ్చుకుంటే పట్టకారుతో లాగెయ్. అయినా ఎవరికైనా గొంతులో దిగితే అన్నం ముద్దలు, అరటిపండ్లు మింగించకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకుపో.

మీ అమ్మ కూడా ఆ రోజు వస్తానంది. ఆమె ముక్క రెండుసార్లు తడిమి చూసి, నీ చేత్తో వడ్డించు.

మీ పెద్దమ్మ,
హనుమకొండ