థైరాయిడ్ మాత్ర వేసుకుంటే ఫ్యాటీ లివర్ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 48. మాది విశాఖపట్నం, మద్దిలపాలెం. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. బరువు 72 కిలోలు. ఈమధ్య బాగా నీరసంగా ఉంటోందని పరీక్షలు చేయించుకుంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7.9, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 6.8 వచ్చాయి. ఫ్రీ టీ4 నార్మల్. స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ 46, ఎస్‌జీపీటీ 52, ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటే లివర్ కూడా బాగుపడుతుందని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా? పంచదార మానేసి బెల్లం వాడుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఆడపడుచు మాటలో కొంత నిజం ఉందమ్మా. లివర్‌లో చేరిన కొవ్వు ఖర్చవ్వాలంటే థైరాయిడ్ హార్మోన్ కావాలి. అది తగ్గితే కొవ్వు కరగడం మందగిస్తుంది, రక్తంలో చెడు కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో ఇన్సులిన్ సరిగా పనిచేయక కొవ్వు అప్పటికే లివర్‌కు చేరుతూ ఉంటుంది. టైప్ 2 షుగర్ ఉన్నవారిలో సగం మందికి పైగా ఫ్యాటీ లివర్ ఉండటానికి ముఖ్య కారణం ఇదే. దీనికి థైరాయిడ్ లోపం తోడైతే సమస్య పెరగవచ్చు. లివర్‌లో థైరాయిడ్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాల (రిసెప్టర్ల) మీద పనిచేసే రెస్మెటిరోమ్ అనే మందుకు 2024లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. అయితే అది ఫ్యాటీ లివర్ ముదిరి, లివర్ ఒక స్థాయి వరకు గట్టిపడినవారికి ఇచ్చే మందు. మనం రోజూ చూసే థైరాయిడ్ మాత్ర, అంటే లెవోథైరాక్సిన్, పూర్తిగా వేరు. ఫ్యాటీ లివర్ కోసమని దాన్ని వాడరు.

థైరాయిడ్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ మీకు ఎక్కువగా ఉన్నా, అసలు థైరాయిడ్ హార్మోన్ అయిన ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉంది కాబట్టి ఇది థైరాయిడ్ లోపం తొలిదశ. ఒక్క రిపోర్టు చూసి జీవితాంతం మాత్ర మొదలుపెట్టడం నాకు ఇష్టం ఉండదు. జ్వరం తగ్గిన కొత్తలో కూడా టీఎస్‌హెచ్ కాస్త పెరిగి, తర్వాత తనంతట తానే దిగుతుంది. రెండు మూడు నెలలు ఆగి టీఎస్‌హెచ్ మళ్లీ చేయించండి, థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలను చూపే యాంటీ టీపీఓ పరీక్ష కూడా జోడించండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందే ఆపేయండి, లేకపోతే అంకెలు తప్పుగా వస్తాయి. టీఎస్‌హెచ్ 10 దాటితే మాత్ర సాధారణంగా అవసరమవుతుంది. అంతకంటే తక్కువుంటే యాంటీ టీపీఓను, లక్షణాలను, కొలెస్ట్రాల్‌ను చూసి నిర్ణయిస్తాం. అవసరం లేకుండా వాడితే గుండెదడ వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి.

నీరసాన్ని మొత్తం థైరాయిడ్ మీదకు నెట్టకండి. తొమ్మిదేళ్లు మెట్‌ఫార్మిన్ వాడినవారిలో విటమిన్ బీ12 తగ్గడం చాలా మామూలు. అది, హిమోగ్లోబిన్ తప్పకుండా చూపించుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన అంకెలు మరోచోట ఉన్నాయి. గ్రేడ్ 2 అనే మాట లివర్‌లో కొవ్వు ఎంతుందో చెబుతుంది, లివర్ గట్టిపడుతోందా లేదా అన్నది చెప్పదు. ముందు ముందు ప్రమాదం తెచ్చేది ఆ గట్టిపడటమే. దాన్ని అంచనా వేయడానికి ఫిబ్-4 అనే చిన్న లెక్క ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. వచ్చినదాన్ని వేలలో ఉన్న ప్లేట్‌లెట్ల సంఖ్యతో, ఎస్‌జీపీటీ వర్గమూలంతో భాగించాలి. మీకు సుమారు 1.6 వచ్చింది. 1.3 కంటే తక్కువైతే ముప్పు తక్కువని, 2.67 దాటితే ఎక్కువని అర్థం. మీరు మధ్యలో ఉన్నారు కాబట్టి లెక్కతో సరిపెట్టుకోలేం, లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. సూది, నొప్పి ఏమీ ఉండవు. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్తే కుడివైపు పక్కటెముకల మధ్య పరికరం ఆనించి కాసేపట్లో చూసేస్తారు. గట్టిదనం 8 కిలోపాస్కల్స్ లోపు వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. దాటితే లివర్ డాక్టర్‌ను కలవాలి. ఎస్‌జీపీటీ కాస్తే పెరిగిందిలే అని ఈ పరీక్ష వాయిదా వేయకండి. లివర్ బాగా గట్టిపడినవారిలోనూ ఎంజైములు నార్మల్‌గా ఉండటం మేం చూస్తూనే ఉంటాం.

బెల్లం సంగతి. అనకాపల్లి బెల్లం మనకెంత ప్రీతి అయినా లివర్‌కు అదీ పంచదార లాంటిదే. మానేయండి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ గ్లాసు దాటితే అదీ పిండిపదార్థమే. కంచంలో అన్నం సగానికి తగ్గించి, ఆ చోటు కూరకు, పప్పుకు, చేపలకు ఇవ్వండి. చేప వేపుడు కాకుండా పులుసు చేసుకోండి. థైరాయిడ్ అని చెప్పి క్యాబేజీ మానేవాళ్లున్నారు. ఉడికించి, మామూలు మోతాదులో తింటే భయం లేదు. శివాజీ పార్కు మీకు దగ్గరే. వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడవండి. మూడున్నర కిలోలు తగ్గినా లివర్‌లో కొవ్వు కరగడం మొదలవుతుంది. అయిదు నుంచి ఏడు కిలోలు తగ్గితే లివర్ వాపు కూడా తగ్గుతుంది. ఈ పని చేయగల లివర్ టానిక్ ఏదీ నాకు తెలియదు, ఆ డబ్బు ఫైబ్రోస్కాన్‌కు దాచుకోండి.

షుగర్ మందుల విషయం మీ డాక్టర్‌తో మాట్లాడండి. గ్లిమెపిరైడ్‌తో బరువు పెరిగే అవకాశం ఉంది. షుగర్‌తో పాటు బరువునూ తగ్గించే మందులు ఇప్పుడున్నాయి. వాటిలో సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ ప్రస్తావన వస్తే, మీకు గానీ మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉందేమో ముందే చెప్పాలి.

గ్లిమెపిరైడ్ మారేవరకు ఒక జాగ్రత్త. అన్నం తగ్గించిన రోజుల్లో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే పరీక్షించుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ గానీ పంచదార గానీ నీళ్లలో కలుపుకొని తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి.