డాక్టర్ సలహా: ఉద్యోగం పోలేదు, నిద్ర మాత్రం పోయింది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి. వయసు 36. చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదకొండేళ్లుగా చేస్తున్నాను. వారంలో మూడు రోజులు ఆఫీసు, మిగతా రోజులు కావలిలో ఇంటి నుంచే పని. నాలుగు నెలల కిందట మా టీంలో 14 మంది ఉంటే ఐదుగురిని ఒక్క రోజులో తీసేశారు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాల కాల్, సాయంత్రానికి లాప్‌టాప్ లాక్. వాళ్లలో నా పక్క సీటు మిత్రుడు ఉన్నాడు, ఒంగోలు అబ్బాయి. నన్ను ఉంచారు. అప్పటినుంచి రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. గుండె దడ, కడుపులో మంట. మీటింగ్ ఇన్విటేషన్ శబ్దం వినపడితే చెమటలు పడుతున్నాయి. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, షుగర్ అన్నీ నార్మల్ అన్నారు. తెలిసిన మెడికల్ షాపులో ఇచ్చిన ఆల్‌ప్రాజోలం (ఆందోళన తగ్గించే మందు) 0.5 మిల్లీగ్రాముల మాత్ర రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్నాను. అమ్మకీ, నా భార్యకీ ఏమీ చెప్పలేదు. ఇంటి లోన్ నడుస్తోంది. నెల్లూరు రొట్టెల పండగలో ఉద్యోగం రావాలని ఉద్యోగ రొట్టె పట్టుకున్నాక వచ్చిన ఉద్యోగం ఇది, ఈసారి అటు వెళ్లడానికి కూడా మనసు రావట్లేదు. తీసేసిన వాళ్లు బాధపడాలి గానీ ఉద్యోగం ఉన్న నాకు ఇదేంటి? ఇది జబ్బేనా, లేక నేనే పిరికివాడినా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పిరికితనం కాదండీ, ఆ మాట ఇక్కడితో వదిలేయండి. పొద్దున పక్కనే కూర్చుని టీ తాగిన మనిషి సీటు సాయంత్రానికి ఖాళీ అయిపోయి, పైగా వాళ్లనే ఎందుకు తీశారో, మిమ్మల్ని ఎందుకు ఉంచారో ఎవరూ చెప్పకపోతే, ఎంత గట్టి మనిషికైనా లోపల 'రేపు నా వంతేమో' అని మొదలవుతుంది. కారణం తెలిస్తే మనసు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ప్రాజెక్టు పోయింది, ఫలానా పని ఇక లేదు, అందుకే తీశారు అని తెలిస్తే సరే అనుకుంటాం. తెలియనప్పుడు మనసు రాత్రంతా కాపలా కాస్తుంది. మీకు మూడింటికి మెలకువ రావడం ఆ కాపలానే.

ఉద్యోగం ఉన్నవాడికి బాధేంటి అన్నారు. 1990లలో ఫిన్లాండ్‌లో పెద్ద మాంద్యం వచ్చి, అక్కడి మున్సిపాలిటీలు ఉద్యోగుల్ని బాగా తగ్గించాయి. పరిశోధకులు పది పట్టణాల్లో, తగ్గింపు అయ్యాక కూడా ఉద్యోగంలో మిగిలిన వాళ్లనే ఏళ్ల తరబడి గమనించారు. ఆ ఫలితాలు 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఎక్కువ మందిని తగ్గించిన చోట మిగిలిన ఉద్యోగుల్లో జబ్బు సెలవులు పెరిగాయి, గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోవడం తగ్గింపు లేని చోట్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు అయింది. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పట్లేదు, మీ గుండె పరీక్షలు బాగున్నాయి, అది మంచి కబురు. ఉద్యోగం ఉంది కదా, నాకు బాధపడే హక్కు లేదు అని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మానాలని చెబుతున్నా.

మీరొక్కరే కాదు కూడా. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో రెండు శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించాక, ఆ కంపెనీతో ఏ సంబంధమూ లేని వాళ్లు కూడా నిద్ర పట్టట్లేదని నా ఓపీకి వచ్చారు. అదే ఏడాది ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యలు అక్కడికి పంపే ప్లాంట్లలో పనిచేసే ఆడవాళ్లు వచ్చారు. ఈ నెల పని రోజులు తగ్గించారు, వచ్చే నెల పిలుస్తారో లేదో తెలియదు అని చెప్పేవాళ్లు. వాళ్లు మీలాగా టెన్షన్ అనరు, 'గుండెలో ఏందో గుబగుబ సార్' అంటారు. జబ్బు ఒకటే.

ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతోందో చెబుతా. ప్రమాదం అనిపించగానే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, పొట్ట పని గాడి తప్పుతుంది. కుక్క వెంటపడితే ఇదంతా పనికొస్తుంది, పరిగెత్తుతాం, అయిపోతుంది. మీ వెంట పడింది నాలుగు నెలలుగా వదలట్లేదు కాబట్టి ఆ హార్మోన్లూ సర్దుకోవట్లేదు. ఆ పదిహేను నిమిషాల కాల్ గురించి తెలిసిన రోజు నుంచి మీ మెదడు మీటింగ్ శబ్దాన్నీ, ప్రమాదాన్నీ ఒకే ముడి వేసింది, అందుకే చెమటలు. ఎకోలో ఏమీ కనపడలేదంటే మీరు ఊహించుకుంటున్నారని కాదు, గుండె నిర్మాణం బాగుంది అని మాత్రమే. అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఛాతీ మధ్యలో బరువుగా నొక్కినట్టు నొప్పి వచ్చి ఎడమ చేతికో దవడకో పాకినా, ఆయాసం వచ్చినా, ఇది టెన్షనే లే అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, పాత రిపోర్టులు నార్మల్ అయినా సరే.

జబ్బేనా అని అడిగారు కదా. ఉత్తరం చూసి పేరు పెట్టడం సరికాదు గానీ, ఇలాంటివి ఎక్కువగా అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ కింద వస్తాయి, అంటే ఒక దెబ్బ తగిలాక మనసు సర్దుకోలేక పడే అవస్థ. కానీ నాకు ఒక అనుమానం ఉంది. పడుకోగానే నిద్ర పట్టకపోవడం ఒక రకం, పట్టిన నిద్ర తెల్లారకముందే తెగిపోవడం ఇంకో రకం. రెండోది డిప్రెషన్‌లో ఎక్కువ చూస్తాం. రోజులో ఎక్కువ సేపు దిగులుగా ఉండటం, పిల్లలతో ఆడటం లాంటి ఇష్టమైనవి కూడా చప్పగా అనిపించడం, ఆకలి మారడం, నేను దేనికీ పనికిరాను అనిపించడం, ఇవి రెండు వారాలకు పైగా ఉన్నాయేమో నిజాయితీగా చూసుకోండి. ఉంటే డాక్టర్‌కి ముందు ఆ మాటే చెప్పండి.

ఇక ఆ మాత్ర. దీని గురించి కొంచెం గట్టిగానే మాట్లాడతా, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఆల్‌ప్రాజోలం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. తెలిసినవాడు కదా అని షాపతను ఇచ్చాడు, మేలు చేస్తున్నాననే అనుకుని ఉంటాడు, కానీ మీకు చేసింది మేలు కాదు. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే చాలు, ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. మొదట్లో ఒకటితో వచ్చిన నిద్రకి తర్వాత ఒకటిన్నర కావాలి. దీని పనితనం తెల్లారేదాకా నిలవక, మందు దిగిపోయేటప్పుడు ఆందోళన ఎగదన్నడం కూడా ఉంటుంది కాబట్టి ఇప్పుడు మీ మూడింటి మెలకువలో కొంత వాటా ఆ మాత్రదే కావచ్చు.

ఇది చదివి ఈ రాత్రికే స్ట్రిప్ తీసి చెత్తబుట్టలో వేయకండి. రెండు నెలలు రోజూ వేసుకున్నాక ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, వణుకు, దడ రెట్టింపవుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ చూస్తుండగా కొంచెం కొంచెంగా, వారాల మీద తగ్గించాలి. ఈలోపు డోసు మీ అంతట మీరు పెంచొద్దు, మద్యం తాగిన రోజు ఈ మాత్ర అసలు వద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అవసరమైతే డాక్టర్ అలవాటు కాని వేరే మందులు ఇస్తారు, అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మూడో రోజుకే ఏమీ తేడా లేదని మానేయకండి. ఇవి కూడా ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టే మెల్లగా ఆపాలి.

మూడింటికి మెలకువ వస్తే గడియారం చూడొద్దు. చూడగానే 'ఇంకా మూడు గంటలే ఉంది' అని లెక్క మొదలవుతుంది, ఆ వెనకే ఈఎంఐ లెక్క. ఒక ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపించి నిద్ర రాకపోతే మంచం దిగి ముందు గదిలోకి వచ్చి చిన్న లైటు కింద ఏదైనా కాగితం మీద ఉన్నది చదువుకోండి, ఫోన్ కాదు. కునుకు వచ్చినప్పుడే తిరిగి మంచం ఎక్కండి. ఎన్నింటికి పట్టినా పొద్దున లేచే టైం మాత్రం మార్చొద్దు, ఆదివారం కూడా. మధ్యాహ్నం రెండు దాటాక టీ కాఫీలు బంద్. సాయంత్రం ఏడింటికి ఒక నోట్‌బుక్ తీసి పావుగంట మీ భయాలన్నీ రాయండి, పక్కన రేపు ఏం చేయగలనో రాయండి. 'లోన్ ఎలా' అని రాస్తే పక్కన 'చేతిలో ఎన్ని నెలలకు సరిపడా ఉందో బ్యాంకు పాస్‌బుక్ చూడాలి' అని. చీకట్లో కొండంత కనపడింది కాగితం మీద పెడితే నాలుగు లైన్లకు వస్తుంది, ఇది నేను చాలామందిలో చూశాను.

పని గురించి మీరు రాయలేదు గానీ ఊహించగలను. రాత్రి పదకొండు దాటాక కూడా మీ పేరు పక్కన, ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చ చుక్క వెలుగుతూ ఉండాలని కూర్చుంటున్నారు, అవునా? సెలవు పెట్టట్లేదు. మీటింగ్‌లో ప్రశ్న అడగట్లేదు. మీ టీంలో మిగిలిన తొమ్మిది మందీ ఇదే చేస్తుంటారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పరు, చెబితే నా అవసరం తగ్గుతుందేమో అని. వెళ్లిపోయిన ఐదుగురి పేర్లు ఎవరూ ఎత్తరు. బయటికి అందరూ కష్టపడుతున్నట్టే ఉంటుంది, లోపల ఎవరికీ పని మీద మనసుండదు. ఇది చదివే మేనేజర్లు ఎవరైనా ఉంటే వాళ్లకొక మాట: తీసేయక తప్పకపోతే కారణం చెప్పండి, ఇంకా తీసేది ఉందో లేదో మీకు తెలిసినంత వరకు నిజం చెప్పండి, పోయేవాళ్లకి వీడ్కోలు చెప్పే అవకాశం మిగిలిన వాళ్లకి ఇవ్వండి. నెలకి ఇద్దర్ని చొప్పున చప్పుడు లేకుండా తీసే చోటి నుంచి వచ్చే పేషెంట్లని కోలుకునేలా చేయడం నాకు చాలా కష్టంగా ఉంటోంది.

మీరు మాత్రం రాత్రి తొమ్మిదికి లాప్‌టాప్ మూసేయండి. ఆ పచ్చ చుక్క ఎవరి ఉద్యోగాన్నీ కాపాడలేదు, మీ మిత్రుడు కూడా రాత్రిళ్లు పని చేసినవాడే అయ్యుంటాడు. ఆ మిగిలిన గంటలో వారానికి రెండు మూడు సార్లు రెజ్యూమే సరిచేసుకోండి, కొత్తది ఏదైనా నేర్చుకోండి. ఇంకో దారి ఉందని తెలిస్తే భయం పట్టు సడలుతుంది. ఇంకొకటి, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది, కాబట్టి కుటుంబానికి విడిగా ఒక పాలసీ ఇప్పుడే చూసుకోండి.

అన్నిటికంటే ముందు ఇంట్లో చెప్పండి. బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక జంట వచ్చారు, ఆయనా మీలాగే ఏమీ చెప్పలేదు. షేవింగ్ కిట్‌లో మాత్రల స్ట్రిప్ కనపడితే ఆవిడ భర్తకి ఏదో పెద్ద జబ్బు వచ్చి దాస్తున్నాడనుకుని మూడు రోజులు ఏడ్చింది. నా గదిలో ఆయన 'ఉద్యోగం పోతుందేమోనని' అని చెప్పగానే ఆవిడ ముఖంలో వచ్చిన తేలిక నేను మర్చిపోలేను. పక్కనే ఉన్న వాళ్ల అత్తగారు 'ఏంది నాయనా, దీనికా ఇట్టా ఎండిపోయావు, మన చేను ఏమన్నా పోయిందా' అంది. దాంతో ఆయన సమస్య తీరలేదు, కానీ ఆ రాత్రి నుంచి ఒక్కడే మేలుకుని ఉండే అవసరం తీరింది. మీ భార్యతో లోన్ లెక్క, చేతిలో ఉన్న డబ్బు, ఉద్యోగం పోతే మొదటి మూడు నెలలు ఏం చేస్తారు, ఇవన్నీ దాచకుండా కూర్చుని మాట్లాడండి. అమ్మకి అన్ని వివరాలూ అక్కర్లేదు, నిద్ర పట్టట్లేదమ్మా అని చెబితే చాలు.

మీ ఒంగోలు మిత్రుడికి ఈ నాలుగు నెలల్లో ఎన్నిసార్లు ఫోన్ చేశారు? అడుగుతున్నది నిందించడానికి కాదు. ఏం మాట్లాడాలో తెలియక, వాడు పోయి నేను ఉన్నానన్న సిగ్గుతో చాలామంది చేయరు. అవతల అతను నా ఉద్యోగంతో పాటు నా వాళ్లు కూడా పోయారు అనుకుంటూ ఉంటాడు. 'ఏదైనా ఖాళీ ఉంటే చెబుతా' అని మొదలుపెట్టొద్దు, 'ఎట్టా ఉన్నావు' అని అడగండి, అతను చెప్పేది వినండి. కావలికీ ఒంగోలుకీ ఎంత దూరమని, ఒక ఆదివారం వెళ్లి కలిసి రండి. రొట్టెల పండగ మాట రాశారు. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాడు రొట్టె వదిలితే, కోరిక ఉన్నవాడు పట్టుకుంటాడు కదా. మీరు అక్కడికి వెళ్లడానికి మనసు రావట్లేదన్నారు. ఈసారి అతన్ని వెంట తీసుకుని వెళ్లండి, రొట్టె మీ చేతి నుంచే అతను అందుకోనీయండి.

బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, మీకు గానీ ఆ మిత్రుడికి గానీ, రేపటిదాకా ఆగొద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అపాయం కళ్ల ముందు కనపడుతుంటే మనిషిని ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కావలిలో గానీ ఒంగోలులో గానీ, లేదంటే నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటకి వచ్చి గానీ ఈ వారంలోనే ఒక సైకియాట్రిస్ట్‌ని కలవండి, వీలైతే మీ భార్యతో కలిసి. చేయించిన రిపోర్టులన్నీ, ఆ మాత్రల స్ట్రిప్ కూడా వెంట తీసుకెళ్లండి. ఎన్నాళ్లుగా, రోజుకి ఎంత వేసుకుంటున్నారో తగ్గించి కాకుండా ఉన్నదున్నట్టు చెబితే, ఏ వారం ఎంత తగ్గించాలో అక్కడే రాసిస్తారు.