మీ ప్రశ్న – మా జవాబు: తొమ్మిది మీటర్ల గొట్టంతో తిప్పలు

ప్రశ్న: ‘వార్ థండర్’ అనే కంప్యూటర్ యుద్ధ ఆటలో ఆబ్జెక్ట్ 120 అనే సోవియట్ ట్యాంకు విధ్వంసక బండి ఉంది. అది నిజంగా తయారైందా? అయితే సైన్యంలోకి ఎందుకు రాలేదు?

జవాబు: నిజమైన బండే. స్వెర్ద్‌లోవ్‌స్క్‌లోని (ఇప్పటి యెకతెరిన్‌బర్గ్) ఉరల్‌ట్రాన్స్‌మాష్ కర్మాగారంలో 1965లో తయారైంది. దాని పేరు ‘తరాన్’. కోట తలుపులు బద్దలుకొట్టే దూలాన్ని రష్యన్‌లో అలా అంటారు. పేరు పెట్టినవాళ్లు ఫిరంగిని చూసే పెట్టి ఉంటారు. 152.4 మి.మీ. నున్నటి గొట్టపు ఎం-69 ఫిరంగి, పొడవు 9 మీటర్ల పైచిలుకు. బండి బరువు దాదాపు 27 టన్నులు, సిబ్బంది నలుగురు.

గొట్టం లోపల గాడులు లేకపోవడానికి కారణం గుండే. అది సన్నటి పొడవాటి లోహపు కడ్డీ, తోకకు రెక్కలుంటాయి. గాడులు గుండును గిరగిరా తిప్పుతాయి. ఇంత పొడవైన కడ్డీని తిప్పుడుతో నిలకడగా ఉంచడం కుదరదు, అందుకే ఆ పని రెక్కలకు అప్పగించారు. గుండు సెకనుకు 1,700 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. గాలి అడ్డు లెక్కలోకి తీసుకోకపోతే కిలోమీటరు దూరానికి అది జారేది 1.7 మీటర్లే. 900 మీటర్ల వేగంతో వెళ్లే గుండైతే 6 మీటర్లు జారుతుంది. అంటే దూరం అంచనాలో కాస్త పొరపాటు పడినా తరాన్ గుండు తగిలేస్తుంది.

ఆ గొట్టమే బండికి గుదిబండ అయింది. ఎస్‌యూ-100పీ అనే పాత ఫిరంగి బండి నుంచి తెచ్చిన చట్రంలో ఇంజను ముందు ఉంటుంది, టరెట్‌ను (ఫిరంగిని మోస్తూ చుట్టూ తిరిగే పైభాగాన్ని) బాగా వెనక్కి జరిపారు. అయినా గొట్టం ముందుకు చాలా దూరం పొడుచుకొచ్చేది. బండి గుంతలోకి దిగితే దాని మూతి మట్టిలో గుచ్చుకుంటుంది, అడవిదారిలో చెట్లకు తగులుతుంది. మూతిలో మట్టి ఇరుక్కున్న ఫిరంగిని పేలిస్తే గొట్టమే చీలిపోవచ్చు. ఈలోగా దీని అవసరం కూడా తీరిపోయింది. ట్యాంకులకే 125 మి.మీ. నున్నటి గొట్టపు ఫిరంగి వచ్చింది (దాన్ని మోసిన టీ-64ఏ 1968లో సైన్యంలో చేరింది). ట్యాంకులను కొట్టే క్షిపణులూ వచ్చాయి. పల్చటి కవచంతో, ఒకే పనికి పనికొచ్చే ఇంత పొడవాటి బండి ఇక ఎవరికి కావాలి? చట్రం మాత్రం వృథా కాలేదు. దాని వారసత్వమే తర్వాత అకాట్సియా అనే హోవిట్జర్ బండికి (గుండును ఎత్తుగా, దూరంగా విసిరే ఫిరంగిని మోసుకుని తనంతట తానే నడిచేది) దక్కింది.

ప్రశ్న: ఎస్‌యూ-152 అని వెతికితే వేరే బండి కనిపిస్తోంది. ఎందుకు?

జవాబు: తరాన్‌నూ ఎస్‌యూ-152 అనే పిలిచారు, చిక్కంతా అక్కడే. మీకు కనిపించింది 1943 నాటిది. కేవీ ట్యాంకు చట్రం మీద టరెట్ లేకుండా ఎంఎల్-20 హోవిట్జర్‌ను బిగించిన బండి అది. ఇక నుంచి ఆబ్జెక్ట్ 120 అని వెతకండి.

ప్రశ్న: ఆటలో ఆబ్జెక్ట్ 120 తీసుకున్నాను. ఒక్క గుండు పేల్చేలోపే చచ్చిపోతున్నాను. ఎలా ఆడాలి?

జవాబు: నడుస్తూ పేల్చడం మానేయండి. బండి కదులుతున్నా గురి చెదరకుండా ఫిరంగిని పట్టి ఉంచే స్టెబిలైజర్ దీనికి లేదు. బ్రేకు వేయగానే చట్రం ముందుకు వంగి లేస్తుంది, దానితోపాటే గురి కూడా ఊగుతుంది. ఆ ఊపు ఆగాక పేల్చండి. తొందరపడి గుండు పోగొట్టుకుంటే మళ్లీ నిండేదాకా మీరు ఊరికే నిలబడ్డ లక్ష్యం.

రెండోది, మూల తిరిగే పద్ధతి. టరెట్ వెనక ఉంది కాబట్టి ముందుకు నడుపుతూ మూల దాటితే మీకు శత్రువు కనిపించేలోపు చట్రం మొత్తం బయటపడుతుంది. అందుకే టరెట్‌ను వెనక్కి తిప్పి, రివర్స్‌లో మూల దగ్గరికి రండి. ముందు బయటికొచ్చేది టరెట్టే. పేల్చాక ముందు గేరులో లోపలికి దూరిపోండి, రివర్స్ కంటే ముందు వేగమే ఎక్కువ. గుట్టల మీద జాగ్రత్త. గొట్టం 5 డిగ్రీల వరకే కిందికి దిగుతుంది, నిటారు శిఖరాలు వదిలేసి తక్కువ వాలున్న చోటు వెతుక్కోండి.

గుండ్ల సంగతి. పూర్తి నింపితే 22 పడతాయి, అన్నీ మోయక్కర్లేదు. పది పన్నెండు చాలు, పేలిపోయే సరుకు తగ్గుతుంది. ఎక్కువభాగం కడ్డీ గుండ్లే పెట్టుకోండి, రెండు మూడు పేలుడు గుండ్లు చేర్చండి. తేలికపాటి బండిలో కడ్డీ ఇటు దూరి అటు పోతుంది, సిబ్బందికి ఏమీ కాకపోవచ్చు. అక్కడ పేలుడు గుండు ఒక్కటి చాలు. అయితే గొట్టంలో ఎక్కిన గుండు పేలేదాకా మారదు. ఎదురయ్యేది ఏ బండో ముందే ఊహించి ఎంచుకోవాలి.

మీ బండీ తేలికపాటిదే, దానికీ పెద్ద గుండు అక్కర్లేదు. ముందు కవచం 30 మి.మీ. మాత్రమే. పక్కనుంచి భారీ మెషిన్‌గన్ కొట్టినా ప్రాణం మీదికొస్తుంది. ఊరి మధ్య వీధుల్లోకి వెళ్లొద్దు. మ్యాప్ అంచున, కిలోమీటరుకు పైగా బారుగా కనిపించే చోటు పట్టండి. అక్కడ గంటకు 36 కి.మీ. వేగంతో అడ్డంగా పోయే బండి మీ గుండు చేరేలోపు 6 మీటర్లు కదులుతుంది. సుమారు ఒక బండి పొడవు ముందుకు గురిపెడితే సరిపోతుంది.

ప్రశ్న: ఆటలో గొట్టం గోడలోంచి దూరి పోతోంది. ఇది లోపమా?

జవాబు: ఆ ఆటలో అన్ని బండ్ల గొట్టాలూ అంతే, గోడలకూ చెట్లకూ తగలవు. అసలు బండిని మూలన పడేసిన పెద్ద చిక్కు ఆటలో మాయమైందన్నమాట. శత్రువు గుండు మాత్రం గొట్టానికి తగులుతుంది. అంత పొడవు బయటికి కనిపిస్తే ముందు దాన్నే కొడతారు, బాగుచేసేదాకా పేల్చలేరు. కాబట్టి కాచుకుని ఉన్నప్పుడు గొట్టాన్ని కూడా గోడ వెనక్కి తిప్పి ఉంచండి.

ప్రశ్న: అసలు బండిని ఎక్కడ చూడొచ్చు?

జవాబు: మాస్కో దగ్గర కుబింకా ట్యాంకు మ్యూజియంలో. ఫొటో తీసేటప్పుడు గొట్టం మొత్తం ఫ్రేములో పట్టాలంటే బాగా వెనక్కి నడవాలి.