రెండిళ్ల ఖర్చుకు అప్పెందుకు?

ప్రశ్న: మా సొంతూరు తణుకు. పెళ్లయి రెండేళ్లయింది. మావారి ఉద్యోగం రాయగడలో, ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో. కోతలన్నీ పోను చేతికి 38,000 వస్తుంది. నేను ఇక్కడే ఒక స్కూల్లో 12,000 జీతానికి చెబుతున్నాను. ఇప్పుడు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమాకు సీటు వచ్చింది, రెండేళ్ల కోర్సు. ఉద్యోగం మానేసి సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడే హాస్టల్లో ఉండాలి. నా జీతం ఆగిపోతుంది, ఖర్చు పెరుగుతుంది. రెండు లక్షల పర్సనల్ లోన్ తీసుకుందామని మావారు అంటున్నారు. హాస్టల్ ఎందుకు, రోజూ రైల్లో వెళ్లిరావచ్చు కదా అని అత్తగారు అంటున్నారు. మరో 40,000 పెట్టి మంచి వయొలిన్ కూడా కొనాలి. బ్యాంకులో 1,60,000 ఉంది. లోన్ తీసుకోమంటారా?
- ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: వద్దమ్మా. మీరు ఉత్తరంతో పాటు నెల ఖర్చుల పట్టీ కూడా పంపి మంచి పని చేశారు. జవాబు అందులోనే ఉంది.

రాయగడ ఇంటి అద్దె 7,000. ఇంట్లో సరుకులూ వగైరా 11,000. కరెంటు, గ్యాస్, ఫోన్లు 1,800. తణుకు పంపేది 6,000. చీటీ 5,000. ఎల్ఐసీ 2,500. బండి ఈఎంఐ 3,200. మొత్తం 36,500. ఇద్దరి జీతాలూ వస్తున్నంతకాలం నెలకు 13,500 మిగిలేది. ఇకపై విజయనగరంలో హాస్టల్, భోజనం 6,500, రానుపోను 1,500, ఫీజూ పుస్తకాలూ సర్దితే 500 అని రాశారు. ఐదు రోజులు మీరు అక్కడే తింటారు కాబట్టి రాయగడ ఇంటి సరుకుల్లో 2,500 తగ్గుతుంది. అంటే నెల ఖర్చు 42,500. చేతికొచ్చేది 38,000. లోటు 4,500.

ఇప్పుడు మీవారి లోన్ సంగతి చూద్దాం. రెండు లక్షలు, 14 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుంటే నెల వాయిదా సుమారు 6,835. అంటే 4,500 లోటు పూడ్చుకోవడానికి 6,835 వాయిదా తలకెత్తుకుంటున్నారు. తెచ్చిన లోన్‌లోంచే లోన్ వాయిదా కట్టుకుంటూ పోవాలి. వడ్డీగా పోయేది 46,000 పైమాటే. పైగా మీ చదువు రెండేళ్లకే అయిపోతుంది, లోన్ మాత్రం మూడో ఏడు కూడా వెంట ఉంటుంది.

పైగా ఆ లోటు రెండేళ్లూ అలాగే ఉండిపోదు. ఇది మీ ఇద్దరి దృష్టికీ వచ్చినట్టు లేదు. బండి ఈఎంఐ ఇంకా ఏడు నెలలే అన్నారు. ఎనిమిదో నెల నుంచి లోటు 1,300కు దిగుతుంది. చీటీకి ఇంకా పన్నెండు వాయిదాలున్నాయి. అవి అయ్యాక లోటు పోయి, నెలకు 3,700 మిగులుతుంది కూడా. మొదటి ఏడు నెలలకు 31,500, తర్వాతి ఐదు నెలలకు 6,500, కలిపి 38,000. రెండేళ్ల చదువుకు మీరు దాచిన దాంట్లోంచి తీయాల్సింది ఇంతే. దీనికి అప్పెందుకు?

మీ పట్టీలో లేనిది ఒకటుంది. సంక్రాంతికి తణుకు వెళ్లాలి, చుట్టాల పెళ్లిళ్లకు చదివింపులుంటాయి, బట్టలుంటాయి, ఎవరికో ఒంట్లో బాగోలేదని ఉన్నపళంగా బయల్దేరాల్సి వస్తుంది. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు ఇది చిన్న ఖర్చేం కాదు. ఏడాదికి 18,000 వేసుకోండి. అది కూడా తీసేస్తే మొదటి ఏడాది చివర మీ 1,60,000 కాస్తా 1,04,000 అవుతుంది. చీటీ డబ్బు ఇందులో కలపలేదు. అప్పటి ఖర్చుకు ఈ 1,04,000 దాదాపు మూడు నెలలకు సరిపోతుంది. నాకైతే భయపడాల్సిన అంకెలా కనిపించడం లేదు. ఇప్పుడే లక్ష తీసి పాతిక వేల చొప్పున నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేసుకోండి. అవసరం పడితే ఒక్కటే రద్దు చేసుకోవచ్చు.

వయొలిన్ ఇప్పుడే కొనకండి. రెండో ఏడాది మిగిలే 3,700 పన్నెండు నెలలకు 44,400 అవుతుంది. పండగలకూ పెళ్లిళ్లకూ వేసుకున్న 18,000 పోను 26,400 ఉంటుంది, వయొలిన్‌కు తక్కువపడితే చీటీ డబ్బుంది. ఈలోగా పాత వాయిద్యానికి తీగలు మార్పించి, కమాను బాగు చేయించి మీ మాస్టారికి చూపించండి. ఏది కొనాలో ఆయన చెప్పాక కొంటే 40,000 కాకుండా ఇరవై వేలలోనే పని జరగొచ్చు.

రోజూ రైల్లో వెళ్లిరావడం గురించి. పార్వతీపురం, బొబ్బిలి దాటి విజయనగరం చేరి, సాయంత్రం మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. డబ్బు మిగిలే మాట నిజమే, కానీ సాధన ఎప్పుడు చేస్తారు? 1919లో ఆ కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, వయొలిన్ చెప్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అలాంటి చోట సీటు తెచ్చుకుని రైల్లో కునికిపాట్లు పడతారా? అత్తగారికి పై లెక్క చూపించండి. తణుకు పంపే ఆరు వేలలో పైసా తగ్గడం లేదని కూడా చెప్పండి. ఆవిడ అసలు బెంగ అదే కావచ్చు.

చీటీ సంగతి కొంచెం జాగ్రత్త. రిజిస్టరైన కంపెనీదైతే ఆఖరి దాకా వేలం పాడకుండా ఉండండి. అప్పుడు కమీషన్ మాత్రమే పోతుంది, చట్టం ప్రకారం అది 7 శాతం మించకూడదు. కానీ మీరు రాసిన తీరు చూస్తే, ఫ్యాక్టరీలో తెలిసినాయన నోటిమాట మీద నడిపే చీటీలా ఉంది. అలాంటిదైతే నా సలహా వేరు. నాలుగైదు వేలు నష్టమైనా వచ్చే మూడు నాలుగు నెలల్లో పాడేసి, ఆ డబ్బు డిపాజిట్‌లో వేసి, మిగతా వాయిదాలు మామూలుగా కట్టుకోండి. ఆయన మంచివాడే కావచ్చు. ఉన్నట్టుండి బదిలీ అయి వెళ్లిపోతే రాయగడలో ఎవరి ఇంటి తలుపు తడతారు?

ఆదివారాలు ఆన్‌లైన్‌లో పిల్లలకు చెబితే ఆరు వేలు వస్తుందన్నారు. రానివ్వండి, కానీ మొదటి ఆరు నెలలు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. డిప్లొమా అందిన మర్నాడే జీతం వస్తుందని కూడా అనుకోకండి. సంగీతం టీచరు పోస్టులకు ఒక్కోచోట ఒక్కో అర్హత, కొన్నిటికి డిగ్రీయే కావాలి. నోటిఫికేషన్లు ఇప్పటినుంచే చదువుతూ ఉండండి.

ఎల్ఐసీ పాలసీ పన్ను ఆదా కోసం తీసుకున్నామని రాశారు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా పన్నే పడదు. మీవారి జీతానికి ఆ అవసరమే లేదు. ఉన్నదాన్ని హడావుడిగా సరెండర్ చేయొద్దు కానీ, అలాంటిది ఇంకొకటి తీసుకోవద్దు. ఒక్కరి జీతం మీద రెండిళ్లు నడుస్తున్నప్పుడు మీవారి పేరిట 50 లక్షల టర్మ్ పాలసీ (పొదుపు కలవకుండా, మనిషికి ఏదైనా జరిగితేనే ఇంటికి డబ్బిచ్చే బీమా) తప్పనిసరి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి ప్రీమియం మునుపటికంటే తేలిక. ఫ్యాక్టరీ ఇచ్చే ఆరోగ్య బీమాలో మీ పేరుందో లేదో, విజయనగరం, విశాఖ ఆసుపత్రుల్లో నగదు లేకుండా చూస్తారో లేదో హెచ్ఆర్‌లో కనుక్కోమనండి.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. ఉద్యోగంలో చేరినప్పుడు మీవారికి ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి పీఎఫ్ నామినీగా అమ్మగారి పేరో నాన్నగారి పేరో రాసి ఉంటారు. పెళ్లయ్యాక ఆ నామినేషన్ చెల్లదు, కొత్తది ఇవ్వాలి. ఉద్యోగంలో ఉండగా ఏదైనా జరిగితే పీఎఫ్‌తో పాటు కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల దాకా బీమా వస్తుంది. దాని కోసం అత్తగారూ మీరూ ఆఫీసుల చుట్టూ తిరిగే పరిస్థితి రాకూడదు. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో ఈ-నామినేషన్ ఉంటుంది. మీ ఆధార్ నంబరూ ఫొటోతో పాటు ఆయన ఆధార్‌కు లింకైన ఫోన్ కూడా దగ్గర పెట్టుకుని, ఈ శనివారం ఇద్దరూ కూర్చుని నింపేయండి.