గ్లాసు గీస్తే అడుగు అతకనట్టు ఎందుకుంది (సమాధానం)

మీరు గీసిన గ్లాసు బొమ్మలో పై అంచు బాగానే వచ్చి, అడుగు మాత్రం అతకనట్టు ఉందన్నారు కదా, కారణం దాదాపుగా ఒకటే: టేబుల్ చదునుగా ఉంటుందని మనకు తెలుసు కాబట్టి అడుగున తిన్నగా గీత లాగేస్తాం. కంటికి కనిపించేది వేరు, అడుగు కూడా పై అంచులాగే వంపు తిరిగిన వలయం. షేడింగ్ సరిచేస్తే పోతుందేమో అన్నారు, పోదు, ఇప్పుడే దాని జోలికి వెళ్ళకండి.

1. గ్లాసు నడిమధ్యలో నిలువుగా ఒక లేత గీత. పై అంచు, అడుగు, ఈ రెండు వలయాలూ దీనికి రెండు వైపులా సమానంగా ఉండాలి.

2. అందరూ వదిలేసేది ఇదే. అడుగు వలయాన్ని కనపడని వెనక భాగంతో సహా పూర్తిగా గీయండి. ముందు సగం ఒక్కటే గీస్తే చివర్లు కోసుగా వచ్చేస్తాయి, వలయానికి అసలు మూలలే ఉండవు. పైగా మీరు పైనుంచి చూస్తున్నారు కాబట్టి, కంటి ఎత్తు నుంచి కిందికి పోయేకొద్దీ వలయం విచ్చుకుంటుంది, అంటే పై అంచు కంటే అడుగే కాస్త ఎక్కువ గుండ్రంగా రావాలి. నమ్మకం కుదరకపోతే గ్లాసును కంటి ఎత్తుకు లేపి పట్టుకోండి, పై అంచు ఒట్టి గీతలా కనిపిస్తుంది. మెల్లగా దించుతుంటే తెరుచుకుంటుంది.

3. మణికట్టు కాదు, భుజం నుంచి చెయ్యి కదలాలి. కాగితానికి తాకకుండా గాల్లో రెండు మూడు సార్లు తిప్పి, అదే ఊపులో పెన్సిల్ దించండి. ముక్కలు ముక్కలుగా గీకితే గుండ్రం రాదు.

4. వెనక భాగం చివర్లో చెరిపేయండి.