అమ్మ నలుగు పెడితే కీడా?

ప్రశ్న: అమ్మా, మాఘంలో నా పెళ్ళి. నా చిన్నప్పుడే నాన్న పోయారు. అమ్మ బట్టలు కుట్టి నన్ను చదివించింది. ఇప్పుడు పసుపు దంచేటప్పుడూ, నలుగు పెట్టేటప్పుడూ అమ్మ ఎదురుగా ఉండకూడదని, ఉంటే నాకే కీడని పెద్దమ్మ అంటోంది. పెళ్ళికూతుర్ని చేశాక గడప దాటకూడదట, గాజు చిట్లితే అపశకునమట. ఇందులో ఏది పాటించాలి?
– ఒక పెళ్ళికూతురు, గాజువాక

జవాబు: తల్లీ, చిన్నవి ముందు తేల్చేద్దాం. గాజు చిట్లితే ఇంకోటి వేసుకో. గడప దాటొద్దంటే దాటకు, ఆ నాలుగు రోజులూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది. బుగ్గన చుక్క కూడా పెట్టించుకో. వీటివల్ల ఎవరి మనసూ నొచ్చుకోదు. మీ అమ్మ సంగతి అలాంటిది కాదు.

మా ఇంట్లో ఏ పెళ్ళికైనా నలుగుకి పెసలు విసిరింది మా మేనత్తే. పెళ్ళికూతురికి పీట వాల్చగానే మాత్రం ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయేది. ఆవిడ విసిరిన పిండికి లేని దోషం ఆవిడ చేతికి ఎక్కణ్ణుంచి వచ్చింది? కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. ఆనాడే వితంతువు పెళ్ళిపీటల మీద కూర్చుంటే, ఈనాడు కన్నతల్లి తలుపు చాటున నిలబడాలా? నాకు ఒళ్ళు మండుతోంది.

1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ చూడు. వధూవరుల్లో ఒకరి ఆచారం ప్రకారం జరిగితే చాలు, సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్ళి పూర్తవుతుంది. నలుగు ఎవరు పెట్టాలన్న మాటే అందులో లేదు. ఇక దైవం సంగతంటావా, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి గుడి పైకప్పే లేదు, ఎవరి చేత్తో వాళ్ళే పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. మొదటి శుభలేఖ అమ్మ చేత అక్కడ పెట్టించు. మార్గశిర గురువారాలు మాత్రం వద్దు, జనంలో నిలబడలేరు.

కన్యాదానానికి దంపతులే కూర్చోవాలంటే బాబాయినీ పిన్నినీ కూర్చోనివ్వు. ధార పోసేటప్పుడు అమ్మ చెయ్యి కూడా కలవాలని పురోహితుడితో ఇప్పుడే మాట్లాడుకో. ముహూర్తం వేళ పీటల దగ్గర తేలే విషయం కాదిది.

అమ్మ ముందు వద్దులే అంటుంది. రేపు నీకు చిన్న జ్వరం వచ్చినా తనవల్లే అంటారని ఆవిడ భయం. అది నువ్వు పోగొట్టాల్సిందే. మొదటి నలుగు అమ్మే పెడుతుందని అత్తగారికి నువ్వే ఫోన్ చేసి చెప్పు, మధ్యవర్తులు వద్దు. పెద్దమ్మ అలిగితే, రెండో నలుగు ఆవిడదేనని చెయ్యి పట్టుకుని పీట దగ్గరికి తీసుకురా.